తెల్ల బాక్సు

చంద్రరావు గారు కుర్చీ వెనక నిలబడితే చాలు, అచ్చిబాబు మౌసు పట్టుకున్న చెయ్యి తడిసిపోయేది. ఆయన తిట్టక్కర్లేదు, అరవక్కర్లేదు. వక్కపొడి వాసనతో ఆయన ఊపిరి మెడ మీద తగులుతుంటే, తెర మీద బాణం గుర్తు కూడా తలదాచుకునే చోటు వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ జారేది.

"ఈవిణ్ణి తీసెయ్," అన్నాడాయన, మానిటర్ మీద వేలు పెట్టి.

వేలు తీశాక గాజు మీద మచ్చ మిగిలింది. సరిగ్గా పెద్దింట్లమ్మ నుదుటి మీద.

భీమవరంలో అచ్చిబాబుది డీటీపీ సెంటరు. పేరులోనే అచ్చు ఉంది కాబట్టి అచ్చులోకి వచ్చాడని స్నేహితులు అనేవారు. హల్లులా ఎవరో ఒకరి ఆసరా లేకుండా నిలబడలేడు గనక అతను అచ్చు కాదని వాళ్ళావిడ సత్యవాణి సవరించేది. ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్ళ ప్రాజెక్టు రిపోర్టులు, రొయ్యల మేత కంపెనీల కరపత్రాలు, పెళ్ళి శుభలేఖలు, ఇవీ అతని పంట. ఇప్పుడు తెర మీద ఉన్నది మాత్రం పెద్ద పని. ఉప్పుమొగ మత్స్యకారుల సహకార సంఘానికి పాతికేళ్ళు నిండిన సందర్భంగా వేస్తున్న సావనీరు. ఆ మాటలో సావూ ఉంది, నీరూ ఉంది, నాకు రెండూ రాసిపెట్టి ఉన్నాయి అని ఒప్పుకున్న రోజునే అచ్చిబాబు అనుకున్నాడు. ఎందుకంటే సంఘానికి అధ్యక్షుడు చంద్రరావు గారు, అచ్చిబాబు కొట్టు ఉన్న గది చంద్రరావు గారి బావమరిదిది.

ఆ గదిలో అచ్చిబాబుకి ముందు ఒక జిరాక్సు అతను ఉండేవాడు. చంద్రరావు గారి మేనకోడలి శుభలేఖలో ఏదో పొరపాటు దొర్లింది. మర్నాడు పొద్దున్న జిరాక్సు మిషను రోడ్డు మీద ఉంది, పైనుంచి వాన. ఎవరూ కేకలు వెయ్యలేదు. తాళం మారింది, అంతే. ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి ఆ తడుస్తున్న మిషన్ని కళ్ళారా చూసిన అచ్చిబాబే, ఇంకో గది దొరక్క, తర్వాత ఆ గదిలో చేరాడు. అప్పట్నుంచీ ఆకాశం మబ్బు పడితే ముందు తన కంప్యూటరు కేసి చూసుకునేవాడు.

తెర మీద పేజీకి 'వ్యవస్థాపక సభ్యులు' అని శీర్షిక. వరసకి ముగ్గురు చొప్పున ఆరుగురు మగవాళ్ళు. వాళ్ళ కింద, ఒక్కతే, మధ్యలో పెద్దింట్లమ్మ. నరసాపురం స్టూడియోలో ప్లాస్టిక్ పూలకుండీ పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో. చేపలగంప లేకుండా నిలబడటం తెలియక, చేతులు రెండూ గాల్లో దేన్నో పట్టుకోబోయి ఆగిపోయినట్టుంటాయి.

ఆవిడ్ని ఎందుకు తీసేయమంటున్నాడో అచ్చిబాబుకి తెలుసు. ఆ వైపు తెలియనివాళ్ళు లేరు. చేపలమ్ముకునే ఆడవాళ్ళకి సంఘం ఇవ్వాల్సిన ఐసు, ఆ వేసవంతా చంద్రరావు గారి బావమరిది రొయ్యల షెడ్డుకి మళ్ళింది. గంపల్లో సరుకు కుళ్ళింది. సర్వసభ్య సమావేశంలో పెద్దింట్లమ్మ లేచి, మా ఐసు ఎవరింట్లో కరుగుతోందో చెప్పమని అందరి ముందూ అడిగింది. చంద్రరావు గారు అప్పుడేమీ అనలేదు. ఐసులాగే చల్లగా కూర్చున్నాడు. వచ్చే నెల సంఘం ఎన్నికలు. జవాబు ఇప్పుడు, ఇక్కడ, వేలి రూపంలో వచ్చింది.

మొదట్నించీ ఉన్నది ఆవిడే కదండీ అని అచ్చిబాబు అందామనుకున్నాడు. ఆ మాట బయలుదేరింది కూడా. గొంతు దగ్గర అరిగి అరిగి బయటికి వచ్చేసరికి "ఆయ్, అలాగేనండి" అయింది.

ఈ పనిలో ఎవరూ దేన్నీ నిజంగా తీసెయ్యరు. తీసెయ్యమన్న పెద్దమనిషే సాయంత్రం వచ్చి మళ్ళీ పెట్టమంటాడు. అప్పుడు బొమ్మ ఎక్కడా, పేరు ఎక్కడా అని వెతుక్కోవాలి. అందుకని వృత్తిలో ఉన్నవాళ్ళంతా చేసేది ఒకటే: తెల్ల బాక్సు ఒకటి గీసి దాని మీద కప్పేస్తారు. కాగితం తెలుపు, బాక్సు తెలుపు, కింద ఎవరున్నారో పైవాడికే తెలుసు. కొత్త బాక్సు గీసే ఓపిక కూడా లేక అచ్చిబాబు శీర్షిక దగ్గర ఉన్న నల్లపట్టీని కాపీ చేశాడు, సాగదీశాడు, రంగు తెలుపు చేశాడు, పెద్దింట్లమ్మ మీదికి లాగాడు. ముందు పాదాలు పోయాయి. తర్వాత ఆ చేతులు. మొహం దాకా వచ్చేసరికి, ఆసుపత్రిలో దుప్పటి పైకి లాగుతున్నట్టు అనిపించి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి తెల్లగా ఉంది.

"ఇప్పుడు శుభ్రంగా ఉంది," అన్నాడు చంద్రరావు గారు. లేజర్ ప్రింటు తీయించుకుని, వెలుతురుకి పట్టి చూసి, మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అచ్చిబాబు పీడీఎఫ్ చేశాడు. ఆ పని చేసే సాఫ్ట్‌వేరు పేరు డిస్టిల్లరని మొదటిసారి విన్నప్పుడు సత్యవాణి, గుట్టుగా ఉండే మనిషి సారాబట్టీ పెట్టాడేంటా అని బెంగపడిపోయింది. అచ్చిబాబుకి మటుకు పీడీఎఫ్ అంటే పీడ దిగిన ఫైలు. ఒకసారి అయిందంటే అక్షరాలు కదలవు, ఫాంట్లు పారిపోవు, మన చెయ్యి దాటినట్టే. ప్రతి పేజీ తెరిచి చూసుకున్నాడు. వ్యవస్థాపకులు ఆరుగురు, కింద ఖాళీ. సీడీలోకి ఎక్కించి, అట్టల మధ్య పెట్టి కట్టి, విజయవాడ బస్సు డ్రైవరు చేతికిచ్చి వచ్చాడు. ఆ సాయంత్రం అన్నం బాగానే తిన్నాడు. అతనికి అదే ఆఖరి మంచి భోజనం.

*

మర్నాడు పొద్దున్నే మేత కంపెనీ కరపత్రం పట్టుకున్నాడు. దాని మీద పాత ధర కప్పాలి. అలవాటు ప్రకారం సావనీరు ఫైలు తెరిచి నిన్నటి తెల్ల బాక్సునే కాపీ చేశాడు. కొలత మార్చుకుందామని దాని వివరాలు తెరిస్తే, రంగు పేరు పక్కన చిన్న గడిలో టిక్కు కనిపించింది.

ఓవర్‌ప్రింట్.

అచ్చిబాబు తెల్లబోయాడు. ఆ క్షణంలో అతని మొహం మీద కూడా ఎవరో బాక్సు కప్పారనాలి.

ఆ టిక్కు పెట్టింది తనే, నల్లపట్టీకి; పట్టీని కాపీ చేస్తే అదీ వెంట వచ్చింది. కింద ఉన్నదాన్ని చెరపకుండా దాని మీదే సిరా వెయ్యి అని అచ్చు ప్లేటుకి చెప్పడం అది. నలుపుకి అది మంచి మందు, రంగుల మధ్య తెల్లసందులు పడవు. కానీ తెలుపుకి సిరా లేదు. అచ్చులో తెలుపంటే ఒట్టి కాగితం. లేని సిరాని, కింద ఉన్నదాన్ని చెరపకుండా వెయ్యమంటే ఏమవుతుంది? ఏమీ అవ్వదు. కింద ఉన్నది ఉన్నట్టు పడుతుంది. తెర మీద తెలుపే, లేజర్ ప్రింటులో తెలుపే, పెద్ద మిషను ప్లేటు మీదికి వెళ్ళేసరికి మాత్రం ఆ తెల్ల బాక్సు కిటికీ అద్దం. దాని వెనక పూలకుండీ పక్కన పెద్దింట్లమ్మ.

రోడ్డు మీద వాన లేదు, అయినా జిరాక్సు మిషను మీద టపటపమన్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఫోను తీసి విజయవాడ ప్రెస్సుకి చేశాడు. ప్లేట్లు చూసే సురేంద్ర ఇంకా రాలేదని, రాగానే చేయిస్తామని ఎవరో చెప్పి పెట్టేశారు. అచ్చిబాబు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గుమ్మంలో నీడ పడితే చాలు లేచి నిలబడుతున్నాడు. ఒకసారి కుక్కకి లేచాడు.

ఇంకోసారి నీడ పడింది. లేచాడు. పెద్దింట్లమ్మ.

పొద్దుటి బేరం ముగించుకుని గంప గుమ్మం బయట దింపి, చీర కుచ్చిళ్ళు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. గంప దిగిన తల కాసేపు అలా బిగుసుకునే ఉంటుంది ఆవిడకి, మెడ తిప్పాలంటే ఒళ్ళంతా తిప్పుతుంది. కొంగున కట్టిన ఎండు రొయ్యల పొట్లం విప్పి కీబోర్డు పక్కన పెట్టింది. ఫోటో స్కానింగుకి ఇచ్చిన రోజూ ఇలాగే పెట్టింది. ఆ రోజు తెర మీద తన మొహం తేలుతుంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ముక్కుపుడక కనపడుతోందా అని ఒకటే ప్రశ్న.

"నా పొటో ఇచ్చేత్తావా బాబూ? ఉన్నదదొక్కటే. ఇంట్లో మేకు ఖాళీగా కనపడతా ఉంటే ఎవరో పోయినట్టుంది," అంది.

అచ్చిబాబు సొరుగు లాగాడు. చేతులు వణికి సొరుగు మొత్తం ఊడి వచ్చింది. ఫోటో తీసి ఇచ్చాడు.

"ఎక్కడేశావు నన్ను? పైనా, కిందా?"

"కిందే, మామ్మగారూ."

"కిందయితే ఏముందిలే. కాళ్ళకాడ ఉన్నది ఎవరి కంటైనా పడుద్ది." ఫోటోని చీర చెంగుతో తుడిచింది. "నాకు సదూ సంధ్యా లేవు. నా పేరు నేనెప్పుడూ అచ్చులో సూళ్ళేదు, సూసినా ఇదే నాదని తెలవదు. మా మనవరాలు పావని ఇస్కూల్లో సదువుతుంది. దాన్నట్టుకొత్తాను ఆ రోజు. పైకి సదివించుకుంటాను, పదిమందిలో."

అచ్చిబాబు తల ఊపాడు. ఆ తల అటు ఊపాడో ఇటు ఊపాడో అతనికే తెలియదు. వేడిగా ఉంది ఒళ్ళు, జొరమేమో చూపించుకో అని చెప్పి ఆవిడ గంప ఎత్తుకుని వెళ్ళింది. ఎండు రొయ్యల వాసన గదిలో ఉండిపోయింది. పొట్లంలోంచి తన వైపు అన్ని కళ్ళు ఒక్కసారి చూడటం, అవి ఎండువైనా సరే, అచ్చిబాబు భరించలేకపోయాడు. పొట్లం తిప్పి పెట్టాడు.

*

సురేంద్ర నుంచి ఫోను మధ్యాహ్నం వచ్చింది.

అచ్చిబాబు నోరు తెరిచేలోపే అతనే మొదలుపెట్టాడు. ప్లేటు తీసే ముందు నాలుగు రంగులూ విడివిడిగా చూసుకోవడం తనకలవాటు, చూస్తే ఈ పేజీలో ఒక తేడా ఉంది అన్నాడు.

"మీ పీడీఎఫ్‌లో కింద ఖాళీయే అండి. ప్లేటు మీద మాత్రం ఒక మామ్మగారున్నారు. పేరు కూడా పడుతోంది. మీరు తెల్ల బాక్సు వేసి ఓవర్‌ప్రింట్ తియ్యడం మర్చిపోయినట్టున్నారు. నేనిక్కడ సరిచేసేస్తాను, చిన్న పనే. ఆవిడ ఉండకూడదు కదండీ?"

ఇంతే. ఒక్క 'అవునండి' చాలు. పొద్దుట్నించి అచ్చిబాబు దేవుళ్ళందరికీ అర్జీ పెట్టుకున్నది ఈ ఒక్క వాక్యం కోసమే. అది కాళ్ళ దగ్గరికి నడిచొచ్చింది. గాలి పీల్చుకున్నాడు. పీల్చుకున్న గాలిలో ఎండు రొయ్యల వాసన వచ్చింది.

"హలో? అచ్చిబాబు గారూ?"

"ఉన్నానండి."

"తీసెయ్యనా?"

కప్పడం ఒకటి. నిన్న అది చేసినప్పుడు కళ్ళు మూసుకున్నాడు కాబట్టి తను చూడలేదని చెప్పుకోవచ్చు. ఇప్పుడు సురేంద్ర అడుగుతున్నాడు. ఆవిడ ఉండకూడదు కదా అని, సూటిగా అడుగుతున్నాడు. అవునంటే ఆ మాట తన నోట్లోది. కళ్ళు మూసుకుని అనేందుకు మాటకి రెప్పలు లేవు.

"ఆవిడ ఉండాలండి," అన్నాడు అచ్చిబాబు.

"మరి బాక్సు ఎందుకండీ?"

"పొరపాటున పడింది. ప్లేటు మీద ఏముందో అదే వేసెయ్యండి."

ఫోను పెట్టేశాక, ఆ మాటలన్నది ఎవరో చూద్దామన్నట్టు గదంతా చూశాడు. ఎవరూ లేరు. అప్పుడొచ్చింది అసలు భయం. పొద్దుటి భయం పొరపాటు చేసినవాడిది, దానికి కాళ్ళు పట్టుకుంటే సరిపోతుంది. ఇది కావాలని చేసినవాడి భయం. పట్టుకుందామంటే ఎదుటివాడు కాళ్ళు కూడా ఇవ్వడు. షట్టరు సగం దించి, ఆ సగం చీకట్లో కూర్చుని కంప్యూటరుకి పాలిథిన్ కవరు తొడిగాడు. తర్వాత మానిటరుకి. తర్వాత ప్రింటరుకి. ఏ క్షణాన రోడ్డున పడ్డా తడవకుండా.

ఇంటికెళ్ళి సత్యవాణికి చెప్పాడు. ఆవిడ కూర కలుపుతున్న గరిట ఆపింది. ఈయన ఇలాంటి పని చేశాడంటే నమ్మకం కుదరక జొరం ఉందేమోనని నుదురు పట్టుకుని చూసింది. ఆఖరికి, మిషను తప్పని చెప్పండి, మిషన్లకి గది ఖాళీ చేసే బాధ లేదు కదా అంది. ఆ సలహా అతనికి ఒక పూట ధైర్యమిచ్చింది. రెండో పూటకి కరిగిపోయింది. విజయవాడకి ఫోను చేశాడు, ఆవిణ్ణి తీసెయ్యండి అని చెప్పేద్దామనే. వెనక మిషను దడదడలాడుతోంది. సురేంద్ర ఆ చప్పుడు మీద అరిచి చెప్పాడు: అచ్చు అయిపోయిందట, పుస్తకాలు కుట్టు మీద ఉన్నాయట, మామ్మగారు బ్రహ్మాండంగా పడ్డారట.

*

ఉత్సవం రోజు సంఘం బిల్డింగు ముందు షామియానా వేశారు. వెనక సముద్రం, ముందు కుర్చీలు. సావనీరు కట్టలు ప్రెస్సు నుంచి సరాసరి వేదిక మీదికే వచ్చాయి. అచ్చిబాబుని రమ్మని చంద్రరావు గారు కబురు పంపాడు. వెళ్ళకపోతే తప్పు ఒప్పుకున్నట్టు, వెళితే చేతికి చిక్కినట్టు. వెళ్ళాడు. వేదిక మెట్ల పక్కన, జనరేటరు చాటున నిలబడ్డాడు. ఆ జనరేటరు వణుకులో తన వణుకు కలిసిపోతుందని.

ఎదురుగా మూడో వరసలో పెద్దింట్లమ్మ. ఉతికిన చీర, తలకి నూనె. ఒళ్ళో మనవరాలు పావని.

చంద్రరావు గారు కట్ట తాడు కోయించి పై పుస్తకం తీసుకున్నాడు. అట్ట చూసి తల ఊపాడు. సందేశాలు తిప్పాడు. తన ఫోటో దగ్గర కాసేపు ఆగాడు. ఇంకో పేజీ తిప్పాడు.

ఆగాడు.

జేబులోంచి ఆ రోజు మడిచి పెట్టుకున్న లేజర్ ప్రింటు తీశాడు. మడత విప్పి పుస్తకం పక్కన పట్టుకున్నాడు. ఇందులో ఆరుగురు, అందులో ఏడుగురు. తలెత్తి చుట్టూ చూసి, జనరేటరు వైపు వేలు ఆడించాడు. అచ్చిబాబు మెట్లెక్కాడు. కాళ్ళు ఉన్నాయో లేదో చూసుకుంటూ ఎక్కాడు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు చంద్రరావు గారు. గొంతు మైకుకి అందనంత చిన్నగా ఉంది.

మిషను తప్పండి అన్న మాట సిద్ధంగానే ఉంది. వారం పొడుగునా పాఠంలా వల్లించాడు. నోరు తెరిస్తే అది రాలేదు.

"ఎవరూ చెప్పలేదండి."

"ఎవరూ చెప్పకుండా నువ్వు చేశావా?" ఆయన అచ్చిబాబుని పైనుంచి కింది దాకా చూశాడు. చెమటకి చొక్కా అంటుకుపోయిన మనిషి. నిలబడలేక బల్ల అంచు పట్టుకున్న మనిషి. "నువ్వు?"

ఆ 'నువ్వు'లో ఉన్న అపనమ్మకానికి అచ్చిబాబు మనసు చివుక్కుమంది. ఆ మాట నిజమేనని తనకీ అనిపించి ఇంకా చివుక్కుమంది.

అప్పుడతను ఆయన కళ్ళు చూశాడు. అవి తన మీద లేవు. వేదిక మీద కూర్చున్న డైరెక్టర్ల మీదికి వెళ్ళాయి. ఒకాయన పక్కాయన చెవిలో ఏదో చెబుతున్నాడు. ఇంకొకాయన తువ్వాలు దులుపుకుంటున్నాడు. మూడో ఆయన, పాపం ఎండ కళ్ళల్లో పడి పళ్ళు బయటపెట్టాడు, దూరానికి నవ్వులాగే ఉంది. చంద్రరావు గారు ఒక్కొక్కరి దగ్గరా ఆగి, లెక్క వేసుకుని, ముందుకి వెళ్ళాడు. ఇలాంటి పిరికివాడు ఇంత పని చేశాడంటే వెనక ఎవరో గట్టివాళ్ళున్నారు. పేరు కూడా బయటపెట్టనంత గట్టివాళ్ళు. వచ్చే నెల ఎన్నికలు. వీళ్ళలో ఎందరు ఆవిడ వైపు?

పుస్తకం మూసిన ఆయన వేళ్ళు వణికాయి. ఎవరూ గమనించి ఉండరు. అచ్చిబాబు గమనించాడు. ఆ విద్యలో అతను పండిపోయిన మనిషి: ముందు చూపుడువేలు, తర్వాత బొటనవేలు, ఆపుకుందామని బిగిస్తే మణికట్టు. అదే వరస. తన చేతిలోంచి లేచి వెళ్ళి ఆయన చేతిలో కూర్చున్నట్టు.

చంద్రరావు గారు మైకు అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. సంఘం పుట్టినప్పటి నుంచీ ఉన్న పెద్దావిడ, మన వ్యవస్థాపక సభ్యురాలు పెద్దింట్లమ్మ గారు వేదిక మీదికి రావాలని కోరాడు. గారు అనడానికి ముందు కొంచెం ఆగాల్సి వచ్చింది ఆయనకి. డైరెక్టర్లు ఆశ్చర్యపోయి చప్పట్లు కొట్టారు. ఆయన ఆ చప్పట్లని కూడా లెక్కలో వేసుకున్నాడు.

ఆవిడ వచ్చింది. మెడ తిప్పకుండా, మెట్లు చూడకుండా, గంప ఉన్న మనిషి ఎక్కినట్టే ఎక్కింది. శాలువా కప్పించుకుంది. మైకు ముందుకు రాగానే నమస్కారం పెట్టి, చెప్పడానికి ఏమీ లేదు, ఐసు సంగతి మళ్ళీ మీటింగులో అడుగుతానని చెప్పి దిగింది. చంద్రరావు గారు నవ్వు మొహం పెట్టుకునే ఉన్నాడు, అలా పెట్టుకుని ఎంతసేపు ఉండాలో తెలియనట్టు.

అచ్చిబాబుతో ఆయన ఇంకేమీ అనలేదు. ఇవాళ అనలేదు. గది తాళం రేపు మారుతుందో, ఎన్నికలయ్యాక మారుతుందో, అసలు మారదో, జనరేటరు చాటుకి తిరిగి వెళుతున్న అచ్చిబాబుకి తెలియదు. కంప్యూటరు మీద పాలిథిన్ కవరు ఇంకొన్నాళ్ళు ఉంచాలనుకున్నాడు.

పుస్తకాలు పంచగానే పావని పేజీ వెతికి పట్టుకుంది. పక్కన పదిమంది చేరారు. పిల్ల వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది. పె, ద్దిం, ట్ల, మ్మ. పెద్దింట్లమ్మ ఆ వేలికేసి చూసింది కాని నవ్వలేదు. ఆ చోటు గుర్తుపెట్టుకుంటున్నట్టు, ఇంకోసారి చదవమంది. మళ్ళీ చదివింది పిల్ల.

అప్పుడు ఆవిడ పుస్తకం పట్టుకుని జనరేటరు దగ్గరికి వచ్చింది.

"అంతా బాగుంది గానీ బాబూ," అంది, బొమ్మని వెలుతురుకి తిప్పి. "ముక్కుపుడక మెరవలేదు. మొగోళ్ళందరూ తేటగా ఉన్నారు, నన్నే మరీ నల్లగా ఏశావు. నా మీద కూసింత తెలుపు ఎయ్యాల్సింది."

అచ్చిబాబు చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"వేశానమ్మా," అన్నాడు. "పడలేదు."